కర్చీఫ్ వేసిన సీటు

మలక్‌పేట రేస్‌కోర్సులో మూడో రేసు మొదలైనప్పుడు బసవయ్య బతికే ఉన్నాడు. రేసు ముగిసేసరికి లేడు.

పక్కన కూర్చున్నవాళ్ళు చాలాసేపు ఆయన బైనాక్యులర్స్‌లోంచి గుర్రాలనే చూస్తున్నాడనుకున్నారు. చెవి మడతలో అత్తరు పూసిన దూది ఉంది. ఎవరో మర్యాదగా ఇచ్చారు, ఆయన మర్యాదగా పెట్టుకున్నాడు. పాతబస్తీలో ఏ పెళ్ళికి వెళ్ళినా జరిగేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ అత్తరులో గులాబీతో పాటు ఇంకోటి కూడా కలిసి ఉందని డాక్టర్లు తేల్చడానికి రెండు రోజులు పట్టింది.

బసవయ్య గూఢచారి శాఖలో తొమ్మిదో సెక్షన్‌కు పెద్దదిక్కు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం కూడా రాయని మనిషి. ఎవరు తనకోసం పనిచేస్తున్నారో, ఎవరిని శత్రువుల మధ్య నాటాడో ఫైల్లో పెట్టమంటే, కాగితం చదవడానికి అందరికీ కళ్ళుంటాయి కదా అని నవ్వేవాడు. అన్నీ తలలో పెట్టుకున్నాడు. ఆ తలతో పాటే అన్నీ పోయాయి.

ఇది జరిగిన మూడు నెలలకు, ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, ఏజెంట్ 46కు పిలుపు వచ్చింది.

ఏజెంట్ 46 అసలు పేరు సీమోను. మలక్‌పేట క్వార్టర్స్‌లో పుట్టి, చర్చి పక్క స్కూల్లో చదివి, ముప్పై నాలుగేళ్ళ వయసులో ఇంకా అమ్మ చంద్రమ్మ చేతి వంటే తింటున్న మనిషి. మనిషి కణంలో క్రోమోజోములు ఎన్నో అతని నంబరూ అంతే. ఇది కేవలం యాదృచ్ఛికం. అలాంటి చమత్కారం చేసే తెలివి డిపార్ట్‌మెంట్‌కు లేదు.

తొమ్మిదో సెక్షన్ ఆఫీసు లాల్‌దర్వాజా సందులో, చీరల అంచులకు కుట్టే జరీ గోటా అమ్మే దుకాణం వెనక గోడౌన్‌లో ఉంటుంది. గల్లా దగ్గర కూర్చునే రామలింగయ్య నాలుగు తరాల వర్తకుల ఇంట్లో పుట్టాడు. సెక్షన్ చీఫ్ కూడా ఆయనే. గోటా కావాలంటే గోటా ఇస్తాడు, కోడ్ చెబితే లోపలికి పంపుతాడు. కోడ్: "ఆవపువ్వు రంగు గోటా ఏడు గజాలు." ఒకసారి నిజంగానే ఆ రంగు వెతుక్కుంటూ వచ్చిన పెళ్ళివారిని లోపల గంటసేపు ఇంటరాగేట్ చేశారు. పాపం, వాళ్ళు మళ్ళీ ఆ సందులోకి రాలేదు.

సీమోను కోడ్ చెప్పి లోపలికి వెళ్ళాడు. టెక్నికల్ ఆఫీసర్ మనీష్ ప్రొజెక్టర్ వెలిగించి ఉంచాడు. రామలింగయ్య గల్లా వదిలి వచ్చి గోటా బేళ్ళ మీద కూర్చున్నాడు.

మనీష్ బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రామ్ ధోరణిలోనే ఉంటుంది. టార్గెట్: 'అత్తర్'. విదేశీ ముఠా హైదరాబాద్ ఆపరేషన్‌కు బాస్. బసవయ్యను చంపింది అతనే. ముఖం ఎవరికీ తెలియదు. మన భాషలన్నీ అచ్చం ఇక్కడివాడిలా మాట్లాడతాడు. ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి అఫ్జల్‌గంజ్ నుంచి బహదూర్‌పురా వెళ్ళే బస్సెక్కుతాడు. ఒకే రకం అత్తరు పెట్టెలతో ముగ్గురు ఎక్కుతారు, అందులో ఇద్దరు డూప్లు, అసలువాడెవరో వాళ్ళకూ తెలియదు. తప్పు మనిషిని పట్టుకుంటే అసలువాడు జనంలో కలిసిపోతాడు. బస్సులో అతనికి అందబోయే వస్తువు: ప్రాజెక్ట్ ఖాళీ.

ప్రాజెక్ట్ ఖాళీ అనే మాట వినగానే సీమోను వెన్ను నిటారైంది. దాన్ని తయారుచేసిన ల్యాబ్‌లో పద్నాలుగు నెలలు మారుపేరు కూడా లేకుండా పనిచేశాడతను. కణాలకు తిండి వండే గదిని అక్కడ మీడియా కిచెన్ అంటారు. ఆ కిచెన్‌లో సీసాలు కడుగుతూ, ఎవరు వస్తున్నారో పోతున్నారో చూడమని బసవయ్యే పెట్టించాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మనీష్ చెప్పుకుంటూ పోయాడు. అది క్యాన్సర్ మందు కోసం చేసిన ప్రోటీన్. విపరీతంగా చీలిపోయే కణాలను ఆపుతుంది. ముఠా దాన్ని వరి విత్తనంలోకి ఎక్కించే దారి కనిపెట్టింది. నారుమడిలో చల్లితే విత్తనం మొలుస్తుంది, రెండు ఆకులేస్తుంది, మూడో ఆకు రాదు. ఏ రైతుకూ కారణం తెలియదు. మొత్తం దేశంలో ఉన్నది ఒక్క వయల్. నిన్న సాయంత్రం ల్యాబ్ ఫ్రీజర్‌లో దాని చోటు ఖాళీగా కనిపించింది. ఈ రోజు టిఫిన్ డబ్బాలో డ్రై ఐస్ మధ్య పెట్టుకుని బస్సెక్కబోయే క్యారియర్, ట్యాప్ చేసిన ఫోన్‌లో తనే స్వయంగా టైమూ బస్సూ దిగే స్టాపూ చెప్పింది.

స్లయిడ్ మారింది. గోడ మీద ఆ ల్యాబ్ సైంటిస్ట్ డాక్టర్ భాగ్యశ్రీ నవ్వుతోంది.

సీమోను ఆ ముఖాన్ని మూడు నెలలుగా చూడలేదు. గోడ మీద అంత పెద్దదిగా చూడాల్సి వస్తుందని అనుకోలేదు.

"డబ్బా ముఖ్యం," అన్నాడు రామలింగయ్య. "పురానాపూల్ దర్వాజా స్టాపు కాడ మిద్దె మీద మనోళ్ళు ఇద్దరు తుపాకులతోని ఉంటరు. గామె డబ్బా వట్టుకొని దిగిందంటే నువ్వు చెప్పు, కాల్చేస్తరు. మనిషి ఫికర్ వద్దు."

"సార్, గామె..."

"నాకెరుకే బిడ్డా. గందుకే నిన్ను పంపుతున్న. ఏ వేషం వేసినా గామెను నీ అంత మంచిగ ఎవరూ గుర్తువట్టరు."

* * *

ఆ పద్నాలుగు నెలల్లో ప్రతి సాయంత్రం ఐదింటికి అదే బస్సు. రష్‌లో ముందుగా దూరలేని భాగ్యశ్రీ కోసం సీమోను బయటి నుంచే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టేవాడు. చంద్రమ్మ డజను కర్చీఫ్‌లకు తానే అంచులు కుట్టి, మూల మీద ఎర్రదారంతో ఒక్కో చుక్క పొడిచి పెట్టింది. మొదటి రోజు భాగ్యశ్రీ ఆ చుక్క చూసి, ఇంత జాగ్రత్తగా కుట్టిన దాన్ని ఇంత మురికి సీటు మీద వేస్తారా అని అడిగింది. అలా మొదలైంది.

ఆమె చేసే పని ఏమిటో ఒకసారి ఆ కర్చీఫ్ మీదే చెప్పింది. క్రోమోజోమ్ నడుము దగ్గర ఒక చోటుంది, సెంట్రోమియర్. కణం రెండుగా చీలేటప్పుడు తాళ్ళు అక్కడ పట్టుకునే క్రోమోజోమ్‌లను ఇటూ అటూ లాగుతాయి. మరి ఆ చోటు ఫలానా అని తాళ్ళకు ఎలా తెలుస్తుంది? డీఎన్‌ఏలో రాసి ఉంటుందా అని సీమోను అడిగాడు.

"రాసి ఉండదు. గదే తమాషా," అంది భాగ్యశ్రీ. "సెన్‌పీ-ఏ అని ఒక ప్రోటీన్ ఆడ కూసొని ఉంటది. అది కూసున్నది గాబట్టే అది గా జాగ. ఇగో, నీ కర్చీఫ్ లెక్క. సీటు మీద నా పేరు రాసి ఉన్నదా?"

ఆ తర్వాత చెప్పిందే అతని మనసులో పడిపోయింది. కణం చీలినప్పుడల్లా ఆ సెన్‌పీ-ఏలు సగం ఒక బిడ్డకూ సగం ఇంకో బిడ్డకూ పోతాయి. సగం సీట్లు ఖాళీ. వాటిలో ఏదో ఒక మామూలు ప్రోటీన్ తాత్కాలికంగా కూర్చుంటుంది. చీలడం అయిపోయాక మిస్-18 అనే బృందం వచ్చి ఇక లోపలికి రావచ్చని పర్మిషన్ ఇస్తుంది. అప్పుడు హెచ్-జర్ప్ అనే తోడుమనిషి కొత్త సెన్‌పీ-ఏను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెడుతుంది. మామూలుది లేచిపోతుంది. ఆ తోడుమనిషి రాకపోతే? ప్రతి చీలికకూ సగం, మళ్ళీ సగం. చివరికి ఆ చోటు తానెవరో మర్చిపోతుంది, కణం చెదిరిపోతుంది. ప్రాజెక్ట్ ఖాళీ అంటే అచ్చం తోడుమనిషిలా వేషం వేసుకుని, పర్మిషన్ తీసుకుని, ఖాళీ చేతులతో వచ్చే దొంగ హెచ్-జర్ప్.

ఒక వానరోజు ఆమె తల తుడుచుకోవడానికి అతని కర్చీఫ్ తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు, అతనూ అడగలేదు. ఆ ఆదివారం ఇంటికి తీసుకొస్తానని చంద్రమ్మకు చెప్పేశాడు.

బసవయ్య శనివారం చనిపోయాడు. ఆదివారం భాగ్యశ్రీ రాలేదు. సోమవారం బస్సుకూ రాలేదు. గురువారం ఆమె ఎవరో సూటువాళ్ళతో పెద్ద కారులో ల్యాబ్ గేటు దాటుతుంటే సీమోను అడ్డంగా నిలబడ్డాడు. అద్దం దించి, "గీయనెవరో నాకు తెల్వదు, కిచెన్ల పనిచేసెటాయన గావచ్చు," అని పక్కవాళ్ళకు చెప్పింది. అద్దం పైకి లేచింది.

ఆ వారమే సెక్షన్ అతన్ని ల్యాబ్ నుంచి తీసేసింది. అయినా రోజూ ఐదింటికి అదే బస్సెక్కేవాడు, పక్క సీటు మీద కర్చీఫ్ వేసేవాడు. నిలబడ్డవాళ్ళు రోజూ లొల్లి పెట్టుకునేవాళ్ళు. మనిషొస్తుంది అని చెప్పేవాడు. ఆ మనిషి దేశాన్ని అమ్మేసిందని సెక్షన్‌లో అందరూ అనుకుంటున్న రోజుల్లో కూడా అదే చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ అతనికి ఏడుపొచ్చేది.

* * *

మధ్యాహ్నం ఒంటిగంట యాభై. అఫ్జల్‌గంజ్.

ఖాకీ చొక్కా, ఒత్తు మీసం, మెడలో విజిల్, భుజాన సంచీ. సీమోను కండక్టర్ వేషం కట్టాడు. చొక్కా రెండో గుండీలో మైకు, చెవిలో కనిపించని ఇయర్‌పీస్, చేతిలోని టికెట్ మిషన్‌లో కెమెరా. టికెట్లు కూడా వస్తాయి, అది మనీష్ ప్రత్యేకంగా గర్వపడే ఫీచర్. స్టీరింగ్ దగ్గర ఎల్లేష్. అతనూ సెక్షన్ మనిషే.

బస్సు ఆగీ ఆగకముందే జనం తలుపుకు వేలాడారు. అప్పుడు, కుడివైపు మూడో కిటికీలోంచి ఒక కర్చీఫ్ లోపలికి వచ్చి సీటు మీద పడింది.

సీమోను దాన్ని చూశాడు. తెల్లటి గుడ్డ, మూల మీద ఎర్రచుక్క. చంద్రమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని పొడిచిన చుక్క.

భాగ్యశ్రీ ఎక్కింది. ల్యాబ్ కోటులో తప్ప చూడని మనిషి ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. తలలో మల్లెలు, కళ్ళకు నల్లద్దాలు, పెదాలకు రంగు. పెళ్ళికి పోతున్నట్టుంది. చేతిలో మూడు గిన్నెల టిఫిన్ డబ్బా. వెళ్ళి కిటికీ పక్క సీట్లో కూర్చుని, పక్క సీటు మీద ఉన్న కర్చీఫ్ తనది కాదన్నట్టు బయటికి చూడసాగింది.

సీమోను వెళ్ళి ఎక్కడికని అడిగాడు. పురానాపూల్ దర్వాజా అంది. ఆధార్ చూపించింది, ఆడవాళ్ళకు ఇచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చాడు. వేళ్ళు తగిలాయి. మీసం కింద అతన్ని గుర్తుపట్టిందో లేదో నల్లద్దాలు చెప్పలేదు. తన కర్చీఫ్‌తోనే శత్రువుకు సీటు పట్టిందని అతనికి అర్థమైంది. ఇంత ద్రోహం చేసేవాళ్ళు కనీసం వేరే గుడ్డ కొనుక్కోవచ్చు కదా అనుకున్నాడు.

"46, ముగ్గురూ ఎక్కారు," అన్నాడు మనీష్ చెవిలో. "ఎవరో తేల్చు. పదిహేను నిమిషాలే టైం."

ముగ్గురూ ఎక్కారు. ముగ్గురి చేతుల్లో ఇత్తడి మూలల అత్తరు పెట్టెలే. మొదటివాడు ఎర్ర టోపీ. సీటు దగ్గరికొచ్చి, కర్చీఫ్ చూసి, "కోయీ హై క్యా?" అంటూ, ఎవరైనా ఉన్నారా అని గాలిని అడిగాడు. ఎవరూ పలకకపోతే పైన రాడ్ పట్టుకుని నిలబడ్డాడు. రెండోవాడు కళ్ళజోడు. కర్చీఫ్ ఎవడిదో వాడు కనబడాలంటూ బస్సంతటితో తగాదా పెట్టుకున్నాడు, మనుషులు నిలబడ్డంక గుడ్డలు కూసుంటయా అని కేకలేశాడు. అయినా దాన్ని ముట్టుకోలేదు. సీమోనుకు అందులో వింతేమీ కనిపించలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే.

నయాపూల్ దాటింది. మూడోవాడు తెల్ల లాల్చీ, మెత్తటి మనిషి. జనంలోంచి పక్కకు తప్పుకుంటూ వచ్చాడు. ఖాళీ సీటు, దాని మీద పడి ఉన్న గుడ్డ చూశాడు. వంగి రెండు వేళ్ళతో తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టాడు. వెనక్కి తిరిగి సీమోనుకు అందించాడు.

"కండక్టర్ సాబ్, కిసీ బేచారే కా గిర్ గయా," అన్నాడు. ఎవరో పాపం పారేసుకున్నారని. అని, భాగ్యశ్రీ పక్కన కూర్చున్నాడు.

బస్సులో సగం మంది నోళ్ళు తెరిచారు.

సీమోను చేతిలో కర్చీఫ్ ఉంది. భాష నేర్చుకోవచ్చు, యాస నేర్చుకోవచ్చు, పాన్ నమిలే తీరు కూడా నేర్చుకోవచ్చు. సీటు మీద కర్చీఫ్ అంటే పారేసుకున్న గుడ్డ కాదని ఏ ట్రైనింగ్ స్కూల్లో చెబుతారు? ఈ ఊళ్ళో పుట్టినవాడు దానితో పోట్లాడతాడు, దాన్ని చూసి ఏడుస్తాడు, ఎవరిదో అడగకుండా మాత్రం తియ్యడు. ఇది భాగ్యశ్రీకి తెలుసు. కావాలనే వేసింది. మూడు పెట్టెల్లో అసలు పెట్టె ఏదో, మాట్లాడకుండా, ఎర్రచుక్క గుర్తుపట్టే ఒకే ఒక్క మనిషికి చూపించింది.

ఆమె నల్లద్దాలు తీసి సీమోనునే చూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు అతనికి మిగతాదంతా తెలిసిపోయింది. ఎవరో వింటున్నారని తెలిసే చెప్పిన ఫోన్ కాల్. బసవయ్య మర్నాటి నుంచి మొదలైన మౌనం. గేటు దగ్గర తెల్వదన్న మాట. ఆమె బసవయ్య నాటిన మనిషి. ఏ ఫైల్లోనూ లేదు. ఆయన తలలో ఉన్నంతకాలం ఆమె మన మనిషి, ఆయన పోయిన రోజు నుంచి దేశద్రోహి.

"46, తేలిందా?"

"తెల్ల లాల్చీ," అన్నాడు సీమోను గుండీతో.

మదీనా మలుపు తిరిగింది. అత్తర్ ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా అందుకుని, మూత ఎత్తి లోపలి పొగమంచు చూసుకున్నాడు, తృప్తిగా మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. భాగ్యశ్రీకి ఒక కవరు ఇచ్చాడు. కొత్త పేరుతో పాస్‌పోర్టు. ఆ తర్వాత పెట్టె తెరిచి, చిన్న సీసాలో దూది ముంచి, ప్రయాణానికి ఖుష్బూ ఉండాలి బీబీ అంటూ, ఆమె చెవి వైపు చెయ్యి చాపాడు. పాస్‌పోర్టు ఆమెను నెమ్మదిగా ఉంచడానికి మాత్రమే.

గులాబీ వాసన సీమోను దాకా వచ్చింది. మధ్యలో నలుగురు మనుషులు, ఒక గోనె సంచీ. చెయ్యి అందదు. ఒక్క విజిల్ ఊదాడు.

ఎల్లేష్ ఉన్న బలమంతా బ్రేకు మీద పెట్టాడు. నిలబడ్డ బస్సంతా ముందుకు వాలింది. సీమోను ఆ ఊపులోనే గోనె సంచీ మీదుగా దూకి, అత్తర్ మణికట్టు పట్టుకుని వెనక్కి మడిచాడు. భాగ్యశ్రీ మల్లెలకు వేలెడు దూరంలో ఉన్న దూది అత్తర్ సొంత చెవి కిందే నొక్కుకుంది. అతను ఆశ్చర్యంగా చూశాడు, చూస్తూనే కిటికీకి ఒరిగిపోయాడు.

"చక్కరొచ్చినట్టుంది, గాలి రానియ్యిండ్రి," అన్నాడు సీమోను అందరితో. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. కళ్ళజోడు వాడు, పరాయి సీట్లో కూసుంటే గట్లనే అయితది అన్నాడు.

బస్సు మళ్ళీ కదిలింది. పురానాపూల్ దర్వాజాకు ఇంకో నిమిషం. సీమోను గుండీని అరచేత్తో మూసి ఆమె మీదికి వంగాడు.

"సారు నన్నెక్కడా రాయలే, సీమోను," అంది భాగ్యశ్రీ. "తాను పోతే నాకు సీటు వట్టెటోడే మనోడని ఒక్కటే చెప్పిండు."

"నాకొక మాట జెప్తే అయిపోవు."

"చెప్తే నీ చెవుల సుత దూది వెట్టెటోళ్ళు."

అతను తలుపు వైపు చూశాడు. వీడు దొరికిపోయాడు, ఇంక నాతో దిగు, సార్‌కు నేను చెబుతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. స్టాప్ దగ్గర తెల్ల కారు ఉంది, అందులో ఉన్నవాళ్ళకు తనను చంపాలన్న అత్తర్ పథకం తెలియదు. డబ్బాతో వచ్చిన మనిషిని విమానం ఎక్కించమని మాత్రమే వాళ్ళకు ఆర్డర్. ఆమె ఎక్కకపోతే ముఠా ఇంకొకరిని పంపుతుంది. ఎక్కితే వాళ్ళ ల్యాబ్‌లోనే ఉండి, ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళు, ప్రతి ప్రయోగాన్నీ చెడగొడుతుంది.

"డబ్బాల ఏమున్నదని అడుగవా?"

"అడుగ," అన్నాడు సీమోను.

ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, రంగు చెరగకుండా జాగ్రత్తగా ఏడ్చింది. అతని చేతిలో ఇంకా నలిగి ఉన్న కర్చీఫ్ తీసుకుని కళ్ళు ఒత్తుకుంది. బస్సు ఆగింది. అత్తర్ ఒళ్ళోంచి డబ్బా తీసుకుని లేచి, తాను లేచిన కిటికీ సీటు మీద ఆ కర్చీఫ్ పరిచింది.

"పట్టి ఉంచు," అని తలుపు వైపు నడిచింది.

"46! క్యారియర్ దిగుతోందా? కన్ఫర్మ్. మనవాళ్ళు రెడీ. పట్టుచీర, టిఫిన్ డబ్బా, ఆమేనా?"

దేశంలో ఉన్న ఒకే ఒక్క వయల్. ఎన్ని ఊళ్ళ నారుమళ్ళో. దానికి ఎదురుగా ఒక కర్చీఫ్. మెట్ల మీద ఆమె వీపు కనిపిస్తోంది. మిద్దె మీద తుపాకీ కూడా దాన్నే చూస్తోందని సీమోనుకు తెలుసు. తాను కూడా మెట్టు దిగి, ఆ వీపుకూ మిద్దెకూ మధ్య నిలబడ్డాడు.

"నెగటివ్. క్యారియర్ బస్సుల్నే ఉన్నది. గామె ఎవరో పెండ్లికి పోతున్న మనిషి." గుండీ మీద చెయ్యి పెట్టి రెండు విజిళ్ళు ఊదాడు. "రైట్, రైట్."

తెల్ల కారు తలుపు మూసుకుంది. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే ఇద్దరూ పోయేవాళ్ళు.

* * *

సాయంత్రం నాలుగింటికి గోడౌన్‌లో రామలింగయ్య అరుపులు వీధిలో గోటా బేరమాడుతున్నవాళ్ళకు కూడా వినిపించాయి. అత్తర్ ఆస్పత్రిలో కాపలా మధ్య ఊపిరి పీలుస్తున్నాడు, డూప్లిద్దరూ లోపలున్నారు, అదంతా సరే. డబ్బా ఏది? క్యారియర్ ఏది? దేశం అన్నం గిన్నెను కండక్టర్ వేషంలో సాగనంపి వచ్చావా అని అడిగాడు. సీమోను జరిగింది జరిగినట్టు చెప్పాడు. సాక్ష్యం ఏమిటంటే కర్చీఫ్ బల్ల మీద పెట్టాడు. రామలింగయ్య దాన్ని చూసి మరీ మండిపడ్డాడు.

మనీష్ ఫోన్ చేసింది అప్పుడే. ల్యాబ్ నుంచి. స్పీకర్ పెట్టారు. ఫ్రీజర్‌లో అట్టడుగున, ఎవరూ తెరవని ఒక పాత పెట్టె దొరికింది. మీద 'సీమోను, కిచెన్' అని భాగ్యశ్రీ చేతిరాత. లోపల ప్రాజెక్ట్ ఖాళీ వయల్, సీలు చెక్కుచెదరలేదు. ఇంకోటి. మీడియా కిచెన్ చెత్తబుట్టలో రెండు గుడ్డు పెంకులు, ఒక కప్పులో పచ్చసొన. తెల్లసొన మాత్రం లేదు, అది టిఫిన్ డబ్బాలో పోయింది.

"అదీ ప్రోటీనే కదా సార్," అన్నాడు మనీష్.

రామలింగయ్య ఫోన్ పెట్టేశాడు. ముఠా ల్యాబ్‌లో ఆమె చేసే ప్రయోగాలు ఏళ్ళ తరబడి ఫెయిలవుతాయి. ఫెయిలవడం సైన్స్‌లో ఎవరూ అనుమానించే విషయం కాదు, అదొక్కటే ఆమెకు రక్ష. ఆయన కళ్ళద్దాలు తీసి ధోవతి అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"పిల్ల ఒక్కతే పోయిందా?"

"ఒక్కతే పోయింది సార్."

ఫైలు తెరుద్దామన్నాడు రామలింగయ్య. సీమోను వద్దన్నాడు. బసవయ్య సంగతి అత్తర్‌కు ఎలా తెలిసిందో ఇంకా తేలలేదు, కాగితం చదవడానికి అందరికీ కళ్ళుంటాయి. పెద్దాయన ఆలోచించి తలూపాడు.

"అట్లయితే నెలకొకపారి వచ్చి ఆ పేరు నా ముంగట చెప్పు. నేను ముసలోణ్ణి, మర్చిపోత. నేను పోయేటప్పుడు ఇంకొకనికి చెప్పి పోత."

అలా నెలకొకసారి ఒక మనిషి లాల్‌దర్వాజా సందులోకి వచ్చి ఆవపువ్వు రంగు గోటా ఏడు గజాలు అడుగుతాడు. లోపలికి వెళ్ళి ఒక్క పేరు చెబుతాడు. పెద్దాయన ఆ పేరు తిరిగి చెబుతాడు. అంతే, వచ్చేస్తాడు. ఇంటి దగ్గర చంద్రమ్మ, ఆ ఆదివారం రావలసిన పిల్ల ఏమైందని ఇప్పుడు అడగడం మానేసింది. పదకొండు కర్చీఫ్‌లే ఉతుకుతున్నానని మాత్రం ఒకసారి అంది. పన్నెండోది అతను చొక్కా జేబులోంచి తియ్యడు, బస్సులో తప్ప.

మొన్న ఐదింటి బస్సు. అఫ్జల్‌గంజ్‌లో కిటికీ పక్క సీటు మీద ఎర్రచుక్క కర్చీఫ్ పరిచి, పక్కన సీమోను కూర్చున్నాడు. కండక్టర్ కాదు, మామూలు ప్యాసింజర్. నయాపూల్ దగ్గర కూరగాయల సంచీతో ఒక ముసలామె ఎక్కింది. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి కర్చీఫ్ చూసి ఆగింది. ఎదురింటివాళ్ళతో మాట్లాడినట్టు, నాగమణమ్మ నిలబడలేకపోతుందని తన పేరు తానే చెప్పుకుని, ఎవరిదని అడిగింది.

"మనిషొస్తది అమ్మా," అన్నాడు సీమోను.

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. ఏం కనిపించిందో, గొంతు తగ్గించింది.

"నీ మనిషి వచ్చినంక లేస్త బిడ్డా. గప్పటిదాంక జాగ నేను కాపాడుత," అని, కర్చీఫ్ తియ్యకుండా, దాని మీదే నెమ్మదిగా కూర్చుంది.

సీమోను కాదనలేదు. కొత్తది వచ్చేదాకా ఒక మామూలు ప్రోటీన్ కూర్చుంటుందని అతనికి చెప్పినవాళ్ళున్నారు. ముసలామె వేళ్ళ మధ్య ఉన్న జీరో టికెట్ మీద ఆమె దిగే స్టాప్ రాసే ఉంది. అది వచ్చేదే, ఆమె లేచిపోయేదే. సీమోను చదవనట్టు నటించాడు. నటించడంలో అతనికి డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్ ఉంది.